ఇంట్లో కట్టిన ట్యూబు యాంపు: ఆన్ చేసిన అర నిమిషానికి ఊళ, వాల్యూమ్ సున్నాలో ఉన్నా ఆగడం లేదు

ఆరుతీగలు
మూడు నెలల ఆదివారాలన్నీ పెట్టి ట్యూబు గిటారు యాంపు ఒకటి కట్టాను. సర్క్యూటు ఫెండర్ ఛాంప్ 5ఎఫ్1ది: ముందు ఒక 12ఏఎక్స్7 ట్యూబు (ఒకే గాజులో రెండు సగాలు), పవర్‌కి ఒక 6వీ6, రెక్టిఫయర్‌గా, అంటే ఏసీని డీసీ చేయడానికి, 5వై3. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ 325-0-325 వోల్టులది. స్పీకరు ఎనిమిది అంగుళాలది, 4 ఓములు. నిన్న రాత్రి మొదటిసారి ఆన్ చేశాను. ట్యూబులు ఎర్రబడే దాకా ఏ చప్పుడూ లేదు. తరువాత ఎక్కడో దూరంగా ఈల వేసినట్టు సన్నగా మొదలై, క్షణంలో గది అదిరిపోయే ఊళ అయింది. వాల్యూమ్ సున్నాకి తిప్పినా తగ్గలేదు. గిటారు కేబుల్ పీకేసినా తగ్గలేదు. స్విచ్ ఆపాక కూడా రెండు సెకన్లు అరిచి, స్థాయి దిగుతూ ఆగిపోయింది. వైరింగ్ మూడుసార్లు బొమ్మతో పోల్చి చూసుకున్నాను, తేడా కనిపించలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

టంకంపొగ
వాల్యూమ్ సున్నాలో పెట్టినా ఆగలేదంటే తప్పు వాల్యూమ్‌కి అవతల ఉంది. మొదటి సగం యాంపు మీద అనుమానం అక్కర్లేదు. వెతకాల్సింది సగానికి తగ్గింది, మంచిదే.

రాత్రిరేడియో
12ఏఎక్స్7 మార్చి చూడండి. నా దాంట్లో ఒక ట్యూబు మైక్రోఫోనిక్ అయి, అంటే అదురునే సిగ్నలుగా మార్చి, ఇలాగే అరిచేది. పెన్సిలుతో తడితే స్పీకర్లో గంట కొట్టినట్టు వినిపించేది. కొత్తది పెట్టగానే పోయింది.

టంకంపొగ
@రాత్రిరేడియో మైక్రోఫోనిక్ ట్యూబు అరుపు వాల్యూమ్ పెంచేకొద్దీ పెరుగుతుంది, తగ్గిస్తే చాలావరకు పోతుంది. ఇక్కడ నాబ్‌తో సంబంధమే లేదు. ట్యూబు కొనే ముందు ఒక తీగ విప్పి చూడటం మేలు.

ఓంకారం
ఊళ గురించి చెప్పే ముందు ఒక మాట, దయచేసి దాటవేయకండి. ఆ డబ్బాలో 340 వోల్టుల డీసీ ఉంటుంది. స్విచ్ ఆపి ప్లగ్గు పీకేసినా డీసీని నునుపు చేసే ఫిల్టర్ కెపాసిటర్లలో అది నిలిచి ఉండవచ్చు. 10కె (పది వేల ఓములు), 5 వాట్ల రెసిస్టర్ ఒకటి తీసుకుని రెండు కొనలకూ తొడుగు ఉన్న తీగలు టంకం వేయండి. ఒక కొన ఛాసీకి, అంటే లోహపు పెట్టెకు, క్లిప్పుతో పట్టించి, రెండో కొన మొదటి కెపాసిటర్ ప్లస్‌కి అయిదు సెకన్లు తాకించండి. తరువాత మీటరు పెట్టండి. రెండు వోల్టుల లోపుకి దిగిందని కంటితో చూశాకే లోపల చేయి పెట్టాలి. స్క్రూడ్రైవరుతో షార్ట్ చేయవద్దు, కెపాసిటర్ దెబ్బతింటుంది, నిప్పురవ్వ కళ్లలోకి ఎగురుతుంది. ఆన్‌లో ఉండగా కొలవాల్సి వస్తే ఎడమ చేయి జేబులో ఉండాలి. స్పీకరు తగిలించకుండా ఎప్పుడూ ఆన్ చేయకండి. భారం లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో (ట్యూబు వైపు చుట్టలో) వోల్టేజీ ఎగసి చుట్టల మధ్య ఇన్సులేషన్ చీలిపోతుంది.

ఇక ఊళ సంగతి. 5ఎఫ్1లో స్పీకరు జాకు నుంచి 22కె రెసిస్టర్ ఒకటి వెనక్కి వచ్చి 12ఏఎక్స్7 రెండో సగం కాథోడ్‌కి (ఎలక్ట్రాన్లు వెలువడే భాగానికి), అంటే 8వ పిన్నుకి చేరుతుంది. నెగటివ్ ఫీడ్‌బ్యాక్ అంటే అదే. వెనక్కి వచ్చే సిగ్నలు అసలు సిగ్నలుకు ఎదురు నిలిచి కొంత తగ్గించాలి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ తీగలు అటుదిటు అయితే ఎదురు నిలవాల్సింది వెనక నుంచి తోయడం మొదలుపెడుతుంది. ఆ వలయంలో వాల్యూమ్ లేదు, అందుకే నాబ్ తిప్పినా ఫలితం లేదు. మీ వైరింగ్ బొమ్మ ప్రకారమే ఉండి ఉంటుంది. ఏ తీగ మొదలు, ఏ తీగ చివర అన్నది బొమ్మ చెప్పదు, మీ ట్రాన్స్‌ఫార్మర్ రంగులు దానికి ఉల్టా అయి ఉండవచ్చు.

22కె ఒక కొన విప్పి ఆన్ చేయండి. ఊళ ఆగితే అనుమానం తీరినట్టే. అప్పుడు ప్రైమరీ రెండు తీగలు అటుదిటు చేయండి, లేదా స్పీకరు వైపు సెకండరీ రెండూ. ఏదో ఒక వైపే. రెండు వైపులా మారిస్తే మళ్లీ మొదటికి వస్తారు.

నల్లమీట
నా మొదటి యాంపు సరిగ్గా ఇలాగే అరిచింది. పక్క గదిలో పడుకున్న కుక్క లేచి దానికి జవాబుగా ఊళ పెట్టింది. సెకండరీ తీగలు మార్చగానే రెండూ ఊరుకున్నాయి.

ఆరుతీగలు
@ఓంకారం గారూ, 22కె విప్పగానే ఊళ మాయం! గిటారు పలికింది! కొంచెం గరుకుగా, చాలా బిగ్గరగా ఉంది కానీ పలికింది. ప్రైమరీ తీగలు మార్చి 22కె మళ్లీ కలిపాను, ఊళ లేదు. స్వరం నునుపుగా వస్తోంది. ఇన్నాళ్లూ కాగితం మీద చూసిన గీత చేతి కింద మోగుతుంటే కళ్లు చెమర్చాయి.

ఇప్పుడు రెండో సమస్య. ఊళ చాటున వినిపించలేదు కానీ, వెనక గట్టిగా గుయ్‌మనే మోత ఉంది. దీనికీ వాల్యూమ్‌తో పని లేదు. ట్యూబులను వేడిచేసే హీటర్ తీగలు పురి తిప్పే వేశాను. 6.3 వోల్టుల చుట్టకు మధ్య ట్యాప్ లేదు కాబట్టి రెండు వైపుల నుంచీ 100 ఓముల రెసిస్టర్లు గ్రౌండుకి పెట్టాను.

శ్రుతిపెట్టె
మోత స్థాయి ఎంత? మీటరు అక్కర్లేదు, గిటారు ఉంది కదా. మీ మెయిన్స్ 50 హెర్ట్జ్ అయితే, ఆరో తీగ మీద మూడో మెట్టు వాయించండి. అది 98 హెర్ట్జ్. మోత దాదాపు దానితో కలిస్తే 100 హెర్ట్జ్ అన్నమాట, అంటే రెక్టిఫయర్ తరువాత ఫిల్టర్ చేయగా మిగిలిన అల. దానికి ఒక స్థాయి కింద వినిపిస్తే 50, అది హీటర్ల నుంచో, గ్రౌండు నుంచో, ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం నుంచో వస్తుంది. 60 హెర్ట్జ్ మెయిన్స్ ఉన్నవారికి లెక్క 120, 60. ఎనిమిది అంగుళాల స్పీకరు 50ని సరిగా పలకలేదు, కాబట్టి చెవి దగ్గరగా పెట్టి వినండి.

ఆరుతీగలు
మా మెయిన్స్ 50 హెర్ట్జే. మోత మూడో మెట్టుతో చాలావరకు కలిసింది, తీగ కొద్దిగా లాగితే పూర్తిగా కలిసింది. కానీ దాని కింద ఇంకేదో బరువైన మోత కూడా ఉన్నట్టుంది.

రాత్రిరేడియో
100 అయితే ఫిల్టర్ చాలడం లేదు. మొదటి కెపాసిటర్ 16 మైక్రోఫారడ్లు అయి ఉంటుంది, తీసేసి 100 మైక్రో పెట్టేయండి. మోత చచ్చినట్టు ఊరుకుంటుంది.

ఓంకారం
@రాత్రిరేడియో వద్దండీ. 5వై3 ట్యూబు రెక్టిఫయర్. ఎదురుగా అంత పెద్ద కెపాసిటర్ ఉంటే, అది నిండే ప్రతి క్షణమూ ట్యూబు గుండా పోయే కరెంటు శిఖరం దాని పరిమితి దాటుతుంది. మొదటిది 16 లేదా 20 దగ్గరే ఉంచి, పెంచాలనుకుంటే రెండోది పెంచాలి, మధ్యలో 10కె ఉంది కాబట్టి అక్కడ ఫరవాలేదు. అసలు ఇప్పుడే ఏదీ మార్చవద్దు. @ఆరుతీగలు ముందు వోల్టేజీలన్నీ రాయండి. మీటరు నల్ల తీగ ఛాసీకి క్లిప్పుతో పెట్టి, ఎర్ర తీగ ఒక్క చేత్తో.

ఆరుతీగలు
రాశాను. అన్నీ డీసీ.
మొదటి కెపాసిటర్ 338
6వీ6 ప్లేటు (ఎలక్ట్రాన్లు చేరే పలక, 3వ పిన్ను) 330
స్క్రీన్ (4) 284
గ్రిడ్ (కరెంటును అదుపు చేసే జాలి, 5) 9
కాథోడ్ (8) 24.7, రెసిస్టర్ 470 ఓములు
12ఏఎక్స్7 ప్లేట్లు (1, 6) 148, 150
కాథోడ్లు (3, 8) 1.3, 1.4

టంకంపొగ
5వ పిన్ను 9?! అది సున్నా కదా ఉండాలి!

గాజుదీపం
9 వోల్టులు మైనస్‌ కాదు కదా? గుర్తు చూసుకున్నారా?

ఆరుతీగలు
ప్లస్సే. నాలుగుసార్లు చూశాను. పది నిమిషాలు ఆన్‌లో ఉంటే 11 దాకా ఎక్కుతోంది. దీపం ఆర్పి చూస్తే 6వీ6 ప్లేటు పక్క అతుకు దగ్గర చిన్న గోరంత మచ్చ నారింజ రంగులో ఉంది. హీటరు వెలుగు అనుకున్నాను.

ఓంకారం
వెంటనే ఆపేయండి. అది హీటరు కాదు, ప్లేటు ఎర్రబడటం. లెక్క చూడండి: 24.7ని 470తో భాగిస్తే 52 మిల్లీ ఆంపియర్లు. స్క్రీన్ వాటాగా మూడో నాలుగో తీసేస్తే ప్లేటుకు 49. ప్లేటు నుంచి కాథోడ్‌కి 305 వోల్టులు. గుణిస్తే 15 వాట్ల దగ్గర. పాత డేటా పుస్తకాల్లో 6వీ6కి రాసినది 12. ఇంత కరెంటు లాగుతుంటే ఫిల్టర్ మీద అల పెరుగుతుంది, మీరు విన్న 100 హెర్ట్జ్‌లో ఎక్కువ భాగం అదే. పుష్-పుల్ యాంపులో అయితే రెండు ట్యూబుల మధ్య కొంత రద్దవుతుంది, ఒంటి ట్యూబు యాంపులో అల నేరుగా స్పీకరుకే పోతుంది.

గ్రిడ్ ప్లస్ అయితే ట్యూబు ఇలా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ ప్లస్ ఎక్కడి నుంచి వస్తోందన్నదే ఇప్పుడు తేల్చాల్సింది.

రాత్రిరేడియో
6వీ6లో గ్యాసు ఎక్కి ఉంటుంది. అలాంటి ట్యూబులో గ్రిడ్ కరెంటు పుట్టి, గ్రిడ్ నుంచి గ్రౌండుకి ఉన్న 220కె రెసిస్టర్ మీద ప్లస్ వోల్టేజీ చూపిస్తుంది. వేడెక్కే కొద్దీ ఎక్కడం కూడా దానికి సరిపోతోంది. ఈసారి నేను ట్యూబు మార్చమంటే మీరు కాదనలేరు.

ఓంకారం
కాదనను, అది నిజంగా జరిగేదే. కానీ 12ఏఎక్స్7 ప్లేటు నుంచి 6వీ6 గ్రిడ్‌కి వచ్చే 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్, డీసీని ఆపాల్సింది పోయి కారుస్తున్నా లక్షణాలు ఇవే. రెండింటినీ విడదీయడానికి పైసా ఖర్చు లేదు. @ఆరుతీగలు ఆ కెపాసిటర్ గ్రిడ్ వైపు కొన విప్పండి. ఆన్ చేసి 5వ పిన్ను చూడండి. సున్నా అయితే ట్యూబు నిర్దోషి. ఇంకా ప్లస్సే ఉంటే రాత్రిరేడియో గారి మాట నెగ్గినట్టు. తరువాత ఆ విప్పిన కొన దగ్గర కూడా కొలవండి. ఆ కెపాసిటర్ ఏ రకం?

ఆరుతీగలు
పాత రేడియో నుంచి తీసినది, మైనం పూసిన కాగితపు కెపాసిటర్. పాతవాటిలో స్వరం మెత్తగా ఉంటుందని చదివి ఇష్టపడి పెట్టాను. పెట్టే ముందు మీటరు ఓముల స్థానంలో చూశాను, ఏ రీడింగూ లేదు, బాగానే ఉందనుకున్నాను.

టంకంపొగ
ఓముల స్థానంలో మీటరు ఇచ్చేది ఒకటో రెండో వోల్టులు, మహా అయితే తొమ్మిది. 150 వోల్టులు పడితే గానీ ఆ కాగితం చెమ్మ బయటపడదు.

గాజుదీపం
పాత కెపాసిటర్ల మీద ఒక్కసారిగా విరుచుకుపడకండి. నా దగ్గర పాత ఫిల్మ్ కెపాసిటర్లు ఉన్న యాంపు ఏళ్లుగా పనిచేస్తోంది, ఒక్క మిల్లీవోల్టు కారదు. కాగితానికీ ప్లాస్టిక్ ఫిల్మ్‌కీ తేడా ఉంది. కాగితం గాలిలో తేమ పీల్చుకుంటుంది, మైనం పగిలిన చోట ఇంకా ఎక్కువ.

టంకంపొగ
@గాజుదీపం ఒప్పుకుంటాను. నా మాట కాగితం గురించే.

ఆరుతీగలు
విప్పి కొలిచాను. 5వ పిన్ను: సున్నా. అరగంట చూశాను, సున్నాయే. కాథోడ్ 18.8. ఎర్ర మచ్చ లేదు.

గాలిలో ఉన్న కెపాసిటర్ కొన దగ్గర మీటరు పెట్టాను. ఏదో అయిదో పదో వస్తుందనుకున్నాను. 112 వోల్టులు! మైనం మీద దుమ్ము అనుకుని తుడిచాను. దుమ్ము కాదు, కొన దగ్గర వెంట్రుకంత పగులు, చుట్టూ మైనం పసుపు నుంచి గోధుమ రంగుకు తిరిగింది.

ఓంకారం
మీ మీటరు లోపలి నిరోధం 10 మెగాఓములు అనుకుంటే, ఆ కెపాసిటర్ దాదాపు మూడున్నర మెగాఓముల రెసిస్టర్‌లా ప్రవర్తిస్తోంది. అదే మూడున్నర 220కెతో కలిసి 150 వోల్టులను పంచుకుంటే గ్రిడ్‌కి 9 వస్తుంది. రెండు కొలతలూ ఒకే మాట చెబుతున్నాయి. 0.022, 630 వోల్టుల ఫిల్మ్ కెపాసిటర్ పెట్టండి. మొదటి దశ నుంచి వాల్యూమ్‌కి వెళ్లేది కూడా అదే జాతిదైతే అదీ మార్చండి. అది కారితే వాల్యూమ్ తిప్పినప్పుడు గరగర వస్తుంది.

రాత్రిరేడియో
ట్యూబు మాట వెనక్కి తీసుకుంటున్నాను. కొన విప్పి చూసే పద్ధతి నా పుస్తకంలో రాసుకున్నాను. పోయినేడాది రెండు 6వీ6లు మార్చాను, వాటి తప్పు లేదేమో అని ఇప్పుడు అనుమానంగా ఉంది. డబ్బాలోంచి తీసి చూస్తాను.

ఆరుతీగలు
రెండు కెపాసిటర్లూ మార్చాను. గ్రిడ్ 0, కాథోడ్ 18.8, ప్లేటు 341. మూడో మెట్టుతో కలిసే మోత దాదాపు లేదు. కానీ కింది బరువైన మోత అలాగే ఉంది. గిటారు వాయిస్తున్నప్పుడు తెలియదు, ఆపితే తెలుస్తుంది.

శ్రుతిపెట్టె
ఇప్పుడు 50 మిగిలింది. హీటర్ల 100 ఓముల రెసిస్టర్లు ఒకసారి కొలవండి. ఆఫ్ చేసి, ట్యూబులు తీసి, హీటర్ తీగ నుంచి గ్రౌండుకి. చుట్ట నిరోధం సున్నాకి దగ్గర కాబట్టి రెండూ సమాంతరంగా పడి 50 రావాలి.

ఆరుతీగలు
91 వచ్చింది.

శ్రుతిపెట్టె
100కీ 1000కీ సమాంతరం 91! ఒకటి 1కె పెట్టినట్టున్నారు. మూడో పట్టీ ఎరుపా గోధుమా చూడండి.

ఆరుతీగలు
పగటి వెలుతురులో చూశాను. ఎరుపే. రాత్రి పసుపు దీపం కింద రెండూ గోధుమగానే కనిపించాయి. మార్చాను, ఇప్పుడు 50 వస్తోంది. మోత కొంచెం తగ్గింది, పోలేదు.

గాజుదీపం
పోదు కూడా. అసలు 5ఎఫ్1లో హీటరు ఒక వైపు నేరుగా గ్రౌండుకే వేశారు, 100 ఓముల జత కూడా లేదు. అవి వినదగినంత నిశ్శబ్దంగానే ఉండేవి. రెసిస్టర్ తప్పు సరిచేయడం మంచిదే, దోషి మాత్రం అది కాదు.

టంకంపొగ
అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ బిగించారు? పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎంత దూరం, ఏ దిక్కు?

ఆరుతీగలు
పక్కపక్కనే. మధ్య రెండు వేళ్ల దూరం. రెండూ ఒకే దిక్కుకు ఉంటే చూడటానికి బాగుందని అలా బిగించాను.

ఓంకారం
5వై3 తీసేసి ఆన్ చేయండి. మిగతావి అలాగే ఉంచి, స్పీకరు తగిలించి. హై వోల్టేజీ డీసీ ఉండదు, ఏ ట్యూబూ సిగ్నలు పెంచదు. అయినా స్పీకర్లో మోత వినిపిస్తే అది తీగల్లో రావడం లేదు, ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము నుంచి ఇంకోదాని ఇనుముకు గాలిలో దూకుతోంది. 6వీ6 పీకి చూడమని కొందరు చెబుతారు. మీ దాంట్లో అది వద్దు: భారం లేకపోతే 325కి శిఖరం 460 దాటవచ్చు, మీ కెపాసిటర్లు 450వే అయి ఉంటాయి. ఇంకో సంగతి, 5వై3 తీసినా దాని సాకెట్ 4, 6 పిన్నుల్లో ఏసీ ఉంటుంది, వేలు దగ్గరికి పోనివ్వకండి.

ఆరుతీగలు
ట్యూబు తీసినా వినిపిస్తోంది! స్పీకరు కోనుకు చెవి ఆన్చితే స్పష్టంగా ఉంది.

ఓంకారం
అయితే దొరికింది. ఆఫ్ చేసి కెపాసిటర్లు ఖాళీ చేసి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ విప్పి బయటికి తీయండి. ప్రైమరీ కొనలు విడివిడిగా టేపు చుట్టి, సెకండరీకి హెడ్‌ఫోన్ తగిలించండి, చెవిలో పెట్టుకోకుండా మెడలో వేసుకుంటే చాలు. 5వై3 లేకుండానే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఆన్ చేసి, దీన్ని ఛాసీ పైభాగంలో రకరకాల చోట్ల పెట్టి తిప్పి చూడండి. ఒక చోట మోత మాయమవుతుంది. అక్కడ పెన్సిలుతో గీత గీసుకోండి. సాధారణంగా రెండు చుట్టల అక్షాలు ఒకదానికొకటి లంబంగా వచ్చినప్పుడు అలా జరుగుతుంది, కానీ అచ్చంగా తొంభై డిగ్రీలే కావాలని లేదు. చెవి చెప్పినదే లెక్క.

నల్లమీట
ఈ పని మొదటి రంధ్రం వేయకముందే చేయాలని ఎవరూ ముందుగా చెప్పరు. నా ఛాసీ మీద ఆరు అనవసరపు రంధ్రాలు ఉన్నాయి, అన్నింటికీ రబ్బరు బిళ్లలు పెట్టాను.

ఆరుతీగలు
ఈ రోజంతా దీనితోనే గడిచింది, కానీ రాయకుండా ఉండలేను. ట్రాన్స్‌ఫార్మర్‌ని అరచేతిలో పట్టుకుని తిప్పుతుంటే మోత పెరుగుతూ తగ్గుతూ ఉంది. పాత రేడియోలో స్టేషను పట్టుకున్నట్టే. అడ్డంగా తిప్పి, జానెడు దూరం జరిపి, కొంచెం ఏటవాలు చేసేసరికి ఒక్కసారిగా ఏమీ లేదు. మెడలోని హెడ్‌ఫోన్ పనిచేయడం మానేసిందేమో అనిపించింది. వేలు మందం పక్కకు తిప్పాను, మోత వచ్చింది. మళ్లీ వెనక్కి, పోయింది. గీత గీసి రెండు కొత్త రంధ్రాలు వేశాను. ప్రైమరీ ఈసారి ఊళ రాని దిక్కునే కలిపాను, తీగలకు ముందే దారం కట్టి గుర్తు పెట్టుకున్నాను.

ఇప్పుడు వాల్యూమ్ సున్నాలో ఉంటే యాంపు ఆన్‌లో ఉందో లేదో దీపం చూసి తెలుసుకోవాల్సి వస్తోంది. సగం దాకా తిప్పి మెల్లగా మీటితే శుభ్రంగా పలుకుతుంది, గట్టిగా కొడితే చివర చిన్న జీర వస్తుంది. ఆ జీర కోసమే కదా ఇదంతా.

టంకంపొగ
తదుపరి యాంపు మొదటిసారి ఆన్ చేసేటప్పుడు మెయిన్స్‌కి సిరీస్‌లో 60 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టండి. వెలిగి మసకబారితే సరే, వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది. నేను ఒకసారి ఫిల్టర్ కెపాసిటర్ ఉల్టా పెట్టాను, ఆ బల్బే నా ట్రాన్స్‌ఫార్మర్‌ని కాపాడింది. మెయిన్స్ తీగ మూడు పిన్నులదేనా? ఎర్త్ ఛాసీకి విడిగా బోల్టు వేసి బిగించారా?

ఆరుతీగలు
మూడు పిన్నులే. ఎర్త్‌కి విడి బోల్టు, పళ్ల వాషరు, దాని మీద రెండు నట్లు. పెయింటు గీకి లోహం కనిపించాకే బిగించాను.

గాజుదీపం
ఆ 22కెకి ఒక స్విచ్ పెట్టుకోండి. ఫీడ్‌బ్యాక్ లేనప్పుడు వచ్చిన ఆ గరుకు స్వరం మీకు మళ్లీ కావాలనిపిస్తుంది.

ఆరుతీగలు
@గాజుదీపం నిజమే, నిన్నటి నుంచి అదే మనసులో ఉంది. వెనక పలకలో చోటు ఉంది.

రాత్రిరేడియో
పక్కన పడేసిన నా రెండు 6వీ6లూ పెట్టి చూశాను. రెండూ బాగున్నాయి. నా యాంపులోనూ కాగితపు కెపాసిటరే. 5వ పిన్ను 6 వోల్టులు. కొన విప్పాను, సున్నా.

ఓంకారం
@రాత్రిరేడియో మార్చేయండి. @ఆరుతీగలు ఒక గంట వాయించాక 6వీ6 8వ పిన్ను ఎంతుందో ఒకసారి చూసి రాయగలరా? వేడిలో ఎక్కకుండా ఉండాలి.

ఆరుతీగలు
గంటన్నర వాయించాను. 18.9.